నవలలో బతికిన అన్న

చెంగ్డూ నగరంలో ఒక పెద్దింటి తండ్రి పెద్దకొడుకు పెళ్ళి నిశ్చయించాలనుకున్నాడు. ఇద్దరు పెళ్ళిళ్ళ పేరయ్యలు రెండు సంబంధాలు తెచ్చారు. రెండూ సరితూగే ఇళ్ళే. ఎవరికి కాదని చెప్పినా మాటపడాలి. ఆయన రెండు ఎర్రకాగితం ముక్కల మీద రెండు ఇంటిపేర్లు రాశాడు. వాటిని ఉండలు చుట్టి, చేతిలో పట్టుకుని, పూర్వీకుల పేర్లున్న పలకల ముందు నిలబడి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత ఒక ఉండ తీసి విప్పి చూశాడు. అందులో ఉన్న ఇంటిపేరు గల పిల్లే కోడలైంది. కొడుకుని ఎవరూ అడగలేదు. అతని మనసులో అప్పటికే మరో అమ్మాయి ఉంది.

ఇది కట్టుకథ కాదు. ఆ కొడుకు పేరు లీ యావ్‌మెయ్. 1897లో పుట్టాడు. అతని తమ్ముడు లీ యావ్‌తాంగ్ తర్వాతి కాలంలో బా జిన్ అనే కలంపేరుతో చైనా అంతటా ప్రసిద్ధుడయ్యాడు. ఆ చీట్ల పెళ్ళిని తన 'కుటుంబం' నవలలోకి తెచ్చాడు. ఆ నవల గురించి చాలామంది చాలా రాశారు. నాకు మాత్రం నవల పక్కన ఆ ఇంటి అసలు చరిత్రను పెట్టి చూసినప్పుడే గుండె పట్టేసినట్టయింది. బా జిన్ కాగితం మీద ఎవరిని చంపాడు, ఎవరిని బతికించాడు, ఇంట్లో నిజంగా జరిగిందేమిటి అన్న లెక్క చూస్తే ఆ ఇల్లు ఎలాంటిదో తెలిసిపోతుంది.

సిచువాన్ రాష్ట్రంలోని చెంగ్డూలో, ఝెంగ్‌తోంగ్‌షున్ వీధిలో ఉండేది లీ వారి లోగిలి. బా జిన్ 1904లో ఆ ఇంట్లో పుట్టాడు. తండ్రి కొంతకాలం గ్వాంగ్‌యువాన్‌లో చిన్నసైజు కలెక్టరు లాంటి కొలువు చేశాడు. ఇంటికి యజమాని తాతగారు. బా జిన్ చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళు ఇరవైమంది దాకా, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ముప్ఫైమందికి పైగా, ఆడామగా నౌకర్లు నలభై యాభైమంది. అన్ని వాటాలూ ఒకే కప్పు కింద, ఆస్తి అంతా ఒకే చేతి కింద. అలాంటి ఇంట్లో పెళ్ళంటే ఇద్దరి సంగతి కాదు. కొత్త కోడలు ఏ వాటాకి బలం తెస్తుంది, ఏ అత్తకి ఎదురు నిలుస్తుంది, ఏ వియ్యంకుడి పలుకుబడి ఎంత అన్నవే అసలు ప్రశ్నలు.

యావ్‌మెయ్ మనసుపడింది మేనత్త కూతురి మీద. మేనరికం మనకు కొత్తేమీ కాదు కదా. ఆ కాలపు చైనాలో ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళాడకూడదు గానీ, ఇంటిపేరు వేరైతే మేనత్త పిల్లలనూ మేనమామ పిల్లలనూ చేసుకునేవారు. పినతల్లి పిల్లలు కూడా పనికొచ్చేవారు. కనుక ఈ సంబంధానికి ఆచారం అడ్డు కాదు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఆమే తమకు వదిన అవుతుందని ఆశపడ్డారు. మేనత్త ఒప్పుకోలేదు. అయినవాళ్ళ ఇంట్లోనే మళ్ళీ సంబంధం కలుపుకోవడం ఎంత బాధో తనకు తెలుసునని, కూతురికి ఆ గతి వద్దని ఆవిడ అన్నదట. తండ్రి చీట్లు వేసింది ఆ నేపథ్యంలో.

నవలలో ఈ కథ మరింత చేదుగా మారింది. అక్కడ అన్న పేరు జువెషిన్, అమ్మాయి పేరు మెయ్. ఇద్దరి తల్లులకూ పేకముక్కల్లాంటి మాజాంగ్ ఆట దగ్గర మాటామాటా పెరుగుతుంది. ఆ అవమానానికి ప్రతీకారంగా మెయ్ తల్లి సంబంధం కాదంటుంది. రెండు జీవితాలు నాశనం కావడానికి ఆటబల్ల దగ్గర ఒక సాయంత్రపు తగువు చాలింది. మెయ్‌ని మరొకరికి కట్టబెడతారు. ఏడాది తిరక్కుండానే ఆమె విధవరాలై పుట్టింటికి వచ్చి, చివరికి క్షయతో కన్నుమూస్తుంది. చీటీలో వచ్చిన భార్య రుయ్‌జువె మాత్రం మంచి మనిషి. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు ద్వేషించుకోరు, ఒకరి దుఃఖం ఒకరు తెలుసుకుంటారు. బా జిన్ గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. కుట్ర అంతా పైతరానిది, దాని ఫలితం అనుభవించింది కింది తరం.

నవలలో నలిగిపోయిన మరో ఆడపిల్ల ఆ ఇంటి పనిపిల్ల మింగ్‌ఫెంగ్. ఇంటి చిన్నబాబు, జువెషిన్ తమ్ముడు జువెహ్వెయ్‌నూ ఆమెనూ కలిపిన ప్రేమ ఎవరికీ చెప్పుకోలేనిది. ఇంతలో తాతగారు ఆమెను తన స్నేహితుడు, అరవై ఏళ్ళ ఫెంగ్ లెషాన్‌కు ఉంపుడుగత్తెగా పంపాలని నిర్ణయిస్తాడు. ఆ ఫెంగ్ ఊళ్ళో కన్‌ఫ్యూషియస్ ధర్మసంఘానికి పెద్ద! మర్నాడు పంపేస్తారనగా ఆ రాత్రి ఆమె చిన్నబాబు గదికి వెళ్తుంది. అతను పత్రికకు వ్యాసం రాసే హడావిడిలో ఉంటాడు. స్వేచ్ఛ గురించీ కొత్త సమాజం గురించీ రాసే పత్రిక అది. తల పూర్తిగా ఎత్తకుండానే రెండు రోజులు ఆగమంటాడు. ఆమె చెప్పాల్సిన మాట చెప్పకుండానే వెళ్ళిపోయి తోటలోని చెరువులో దూకుతుంది. సంస్కరణవాది అయిన యువకుణ్ణి రచయిత ఇక్కడ వదిలిపెట్టలేదు. జువెహ్వెయ్‌లో ఎక్కువ భాగం బా జిన్ తానే కనుక, ఇది తన మీద తాను మోపుకున్న నేరం కూడా.

ఇక రుయ్‌జువె. తాత చనిపోయి శవపేటిక ఇంట్లో ఉండగా ఆమెకు నెలలు నిండాయి. ఇంట్లో పురుడు జరిగితే ఆ రక్తం కీడుకి శవం నుంచి నెత్తురు కారుతుందని పినమామల భార్యలు, తాత ఉంపుడుగత్తె పట్టుబడతారు. నిండుచూలాలు ఊరు దాటి, వంతెన దాటి వెళ్ళి కనాలి. జువెషిన్ కాదనలేడు. కాదంటే తాత ఆత్మకు ద్రోహం చేసినవాడవుతాడు, పెద్దమనవడిగా ఆ మాట పడలేడు. ఊరవతల తేమ ఓడుతున్న ఇంట్లో ఆమె నొప్పులు పడుతుంది. అతను వెళ్ళేసరికి తలుపు గడియ వేసి ఉంటుంది. మైలలో ఉన్నవాడు పురిటిగదిలోకి రాకూడదట. లోపల్నుంచి ఆమె అతని పేరు పెట్టి పిలుస్తుంటే బయట అతను తలుపు బాదుతూ నిలబడతాడు. తలుపు తెరుచుకునేసరికి అంతా అయిపోతుంది.

ఇప్పుడు అసలు లోగిలికి వద్దాం. మెయ్‌కి మూలమైన మేనత్త కూతురు క్షయతో పోలేదు. డబ్బున్న ఇంట్లో రెండో పెళ్ళివాడికి భార్యగా వెళ్ళి చాలాకాలం బతికింది. లీ వారింట్లో త్సుయ్‌ఫెంగ్ అనే పనిపిల్ల నిజంగానే ఉండేది. ఒక దూరపు బంధువు ఆమెను ఉంపుడుగత్తెగా అడిగాడు. ఆమె రానంది. పేదవాణ్ణయినా కట్టుకుంటాను గానీ అది మాత్రం కుదరదంది, అలాగే చేసింది. ఇంట్లో వాళ్ళెందుకు ఊరుకున్నారు? ఆమె అక్కడి ముసలి నౌకరు బంధువు, తిండికి ఉండి పనిచేసే పిల్ల, అమ్ముడుపోయి వచ్చిన పిల్ల కాదు. నవలలోని మింగ్‌ఫెంగ్‌కు లేనిదల్లా ఆ ఒక్క ఆధారమే. బా జిన్ వదినగారిని కూడా 1920లో తాత పోయినప్పుడు ఊరి బయటికి పంపిన మాట నిజం. ఆవిడ పురుడు పోసుకుని బిడ్డతో క్షేమంగా తిరిగొచ్చింది.

అంటే నవలలో ప్రాణం పోయిన ముగ్గురు ఆడవాళ్ళూ నిజంలో బతికారు. నవలలో అన్నీ భరిస్తూ, వంగి నమస్కారాలు పెడుతూ బతికిన అన్న నిజంలో బతకలేదు.

యావ్‌మెయ్ చదువులో మొదటివాడు. పెళ్ళితో పై చదువు ఆగిపోయింది. తండ్రే చూపించిన ఉద్యోగంలో చేరాడు. 1917లో తండ్రి పోయాక, ఇరవయ్యేళ్ళ వయసులో సవతితల్లినీ తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ మోసే పెద్దదిక్కయ్యాడు. పినతండ్రుల ఎత్తులు, పిన్నమ్మల దెప్పుళ్ళు అన్నీ అతని మీదుగానే పోయేవి. తమ్ముళ్ళకు ఆయన పిరికివాడిగా కనిపించాడు. కానీ పాత కట్టుబాట్లను ప్రశ్నించిన 1919 మే నాల్గవ తేదీ ఉద్యమం తర్వాత 'నవయువత' వంటి పత్రికలు చెంగ్డూ పుస్తకాల కొట్టు నుంచి కొని ఇంటికి తెచ్చింది ఆయనే. తమ్ముళ్ళను తిరుగుబాటుదారుల్ని చేసిన చదువుకు డబ్బు పెట్టింది ఆయనే. 1923లో తమ్ముళ్ళిద్దరూ చెంగ్డూ వదిలిపెట్టి వెళ్తే, ఇల్లు పట్టుకుని ఉండిపోయింది కూడా ఆయనే. ఎవరో ఒకరు ఆగబట్టే మిగతావాళ్ళు వెళ్ళగలిగారు. అలాంటివాణ్ణి పిరికివాడనడానికి నాకు నోరు రాదు.

1929లో ఆయన షాంఘై వచ్చి తమ్ముణ్ణి చూశాడు. మన ఇంటి కథ రాయాలనుందని బా జిన్ చెప్పాడు. రాయమని అన్న ప్రోత్సహించాడు, ఊరికి వెళ్ళాక ఉత్తరాల్లోనూ అదే మాట. నవల మొదటి భాగం 1931 ఏప్రిల్ 18న షాంఘై 'షిబావ్' దినపత్రికలో మొదలైంది. అప్పటికి దాని పేరు 'ప్రవాహం'. అన్న స్వభావాన్ని, చీట్ల పెళ్ళిని చెప్పే ఆరో ప్రకరణం బా జిన్ రాస్తున్న రోజులవి. నవల పత్రికలో మొదలైన మర్నాడు చెంగ్డూ నుంచి తంతి వచ్చింది. పెట్టుబడుల్లో కుటుంబం సొమ్ము పోగొట్టుకున్న అన్న ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు ముప్ఫై నాలుగు. తన కోసం మొదలైన నవలలో ఆయన ఒక్క వాక్యం కూడా చదవలేదు.

బా జిన్ రాయడం ఆపలేదు. 1933లో 'కుటుంబం' పేరుతో పుస్తకం వచ్చింది. ముందుమాట పోయిన అన్నకు సమర్పణ. 'వసంతం', 'శరత్తు' వచ్చి మూడు నవలల వరస పూర్తయినా ఆయన జువెషిన్‌ను చంపలేదు. దాన్ని బలహీనత అనుకునే విమర్శకులు ఉండవచ్చు. తాను దక్కించుకోలేని మనిషిని కనీసం పుస్తకంలోనైనా దక్కించుకోవాలన్న తమ్ముడి పంతం అది అని నేను నమ్ముతున్నాను.

ఆ అన్నదమ్ముల్లో ఇంకొకరున్నారు, ఆయన్ని మరచిపోకూడదు. నవలలో నడిమివాడు జువెమిన్ తాత నిర్ణయించిన సంబంధం కాదని ఇల్లు వదిలి దాక్కుంటాడు. మంచం పట్టిన తాత దిగివస్తాడు, బావా మరదళ్ళ ప్రేమ గెలుస్తుంది. ఆ పాత్రకు మూలం చిన్నన్న లీ యావ్‌లిన్. త్యాన్‌జిన్‌లోని నాన్‌కాయ్ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పేవాడు. రష్యన్ రచయిత గొంచరోవ్ రచనను చైనీస్‌లోకి తెచ్చాడు. పెద్దన్న పోయాక చెంగ్డూలో మిగిలిన వదినకీ పిల్లలకీ తన జీతంలోంచి డబ్బు పంపడం మొదలుపెట్టాడు.

బా జిన్‌కు 1944లో గ్వెయ్‌యాంగ్ దగ్గర పెళ్ళయింది. వధువు ష్యావ్ షాన్ ఒకప్పుడు ఆయనకు ఉత్తరం రాసిన పాఠకురాలు. విందు లేదు, తంతు లేదు, ఎవరూ చీట్లు వేయలేదు. చైనాలో బలవంతపు పెళ్ళిళ్ళనూ ఉంపుడుగత్తెలనూ నిషేధిస్తూ చట్టం వచ్చింది 1950లో. యావ్‌లిన్ అది చూడలేదు. 1945 నవంబరులో, నలభై రెండేళ్ళ వయసులో, షాంఘైలో చనిపోయాడు. నవలలో ప్రేమ గెలిచిన ఆ ఒక్క అన్న, నిజంలో అన్న కుటుంబాన్ని పోషిస్తూ చివరిదాకా పెళ్ళే చేసుకోలేదు.