పలాస జీడితోటలనుండి పుట్టిన చిత్రము

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో సమావేశమైనప్పుడు అధ్యక్షుడుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయనుడు నిర్బంధములో నుండెను. ఆ వెంటనే ఏప్రిల్ 1వ తేదీన మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసు తుపాకులకు రైతుపోరున నిలిచిన వీర గున్నమ్మ బలియయ్యెను. మూడు దశాబ్దములు నిండకముందే సమీపమున నున్న బొడ్డపాడు యువకులు శ్రీకాకుళ సాయుధ పోరాటమున ప్రాణములర్పించిరి. అదే పోరాటమునకై జముకుల కథను ఊరూర వినిపించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో హతుడయ్యెను. ఇట్టి సీమకథను పెద్ద తారల అండలేకయే తెరకెక్కించిన 'పలాస 1978'ను కేవలము నేరకథగా చూచుట అన్యాయమని నా నమ్మకము.

ఇచ్చటి సిరికిని, ఆ సిరివెంట వచ్చిన పెత్తనమునకును మూలము జీడి. పలాస పరిసరమైన ఉద్దాన సీమ తోటలలో పండిన పిక్కలను కాల్చి లేక ఆవిరిపై ఉడికించి పెంకు పగులగొట్టవలెను. పెంకులోని రసము తగిలిన చోట చర్మము పొక్కును గనుక, పిక్కలు కొట్టు స్త్రీల చేతులపై ఆ వృత్తి తన గురుతు విడిచియే తీరును. విరుగని గుండుపప్పుకు ఒక ధర, బద్దకు మరొక ధర. గాయపడిన చేతికి మాత్రము ధరలేదు. కథారచయితయైన కరుణకుమార్ తన తొలి చిత్రమైన 'పలాస 1978'లో, పాటగాండ్ర ఇంట పుట్టిన దళిత సోదరులిద్దరు షావుకార్ల కొరకు కత్తిపట్టిన వైనమును ఈ నేలమీదనే నిలిపెను.

నిర్మాత ధ్యాన్ అట్లూరి. సమర్పకుడు తమ్మారెడ్డి భరద్వాజ. తమ్ముడుగా రక్షిత్, అన్నగా రంగస్థలమునుండి వచ్చిన తిరువీర్ నటించిరి. తెరవెనుక విశేషములలో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది వేరొకటి: స్వరములు కూర్చిన రఘు కుంచెయే గురుమూర్తియను క్రూరుడైన షావుకారుగా, యౌవనమునుండి వార్ధకమువరకు, ముఖమునకు రంగు పూసికొనెను. పీడితుల పాటకు ప్రాణము పోసినవాడే వారిని పీడించు పాత్రను ధరించుటచే, ఆ పాత్రకు అరుదైన నిబ్బరము చేకూరినది.

చిత్రము 2020 మార్చి 6న విడుదలయ్యెను. కొలదిదినములకే మహమ్మారివలన సినిమాహాళ్లు మూతపడుటచే, పలువురు దానిని ఇంటిలోనే చూచిరి. అయినను అందలి 'నక్కిలీసు గొలుసు' పాట తెలుగువారి చేతిఫోనులన్నింట మార్మ్రోగెను. అది ఉత్తరాంధ్ర జానపదము.