లెక్కలో ఉన్నారు, పంపకంలో లేరు

2020 మార్చి 27న అమెరికాలో కేర్స్ చట్టం మీద ట్రంప్ సంతకం చేశాడు. రెండు ట్రిలియన్ డాలర్లు దాటిన ఆ చట్టంలో పై చదువుల వాటా సుమారు 14 బిలియన్లు. అందులో 18004 అనే సెక్షన్ ఒకటుంది. కాలేజీలకి నేరుగా వెళ్ళే సొమ్ములో కనీసం సగం విద్యార్థులకి అత్యవసర గ్రాంట్లుగా ఇవ్వాలని అది చెప్తుంది. ఆ సగం 6.28 బిలియన్ డాలర్లు. తిండి, అద్దె, పుస్తకాలు, లాప్‌టాప్, వైద్యం, పిల్లల్ని చూసుకునే ఖర్చు, ఇలా క్యాంపస్ మూతపడటం వల్ల మీద పడ్డ దేనికైనా వాడుకోవచ్చు. తిరిగి కట్టక్కర్లేదు. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ లాగా కాలేజీ బకాయిలో కలిసిపోయే డబ్బు కూడా కాదు, విద్యార్థి చేతికి రావాల్సిన డబ్బు.

ఇలాంటి సాయం కరోనాతో పుట్టింది కాదు. అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2011లో చిన్న చిన్న గ్రాంట్లు మొదలుపెట్టింది. డిగ్రీ పూర్తవడానికి దగ్గర్లో ఉండి, కొన్ని వందల డాలర్ల బాకీ వల్ల రోల్స్ నుంచి పేరు కొట్టేయించుకుంటున్న పిల్లల కోసం. దాంట్లో నాకు నచ్చింది డబ్బు కన్నా పద్ధతి. విద్యార్థి అప్లికేషన్ పెట్టుకోడు. యూనివర్సిటీయే తన రికార్డులు చూసుకుని, ఎవరు ఎంతలో ఆగిపోయారో కనిపెట్టి, ఆ బాకీ తీర్చేసి కబురు పెడుతుంది. కష్టంలో ఉన్నవాడిని నీ కష్టం నిరూపించుకో అని అడగకపోవడం ఎంత పెద్ద సాయమో, ఎప్పుడైనా ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కేర్స్ గ్రాంట్లు కూడా మొదట ఆ దారిలోనే వెళ్తున్నట్టు కనిపించాయి. ఏప్రిల్ 9న విద్యాశాఖ కార్యదర్శి బెట్సీ డివోస్ కాలేజీలకి ఉత్తరం రాసింది: ఎవరికి ఎంత ఇవ్వాలో చాలావరకు మీ ఇష్టం అని. కాలేజీలు సంతకం పెట్టాల్సిన పత్రంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. 1965 నాటి ఉన్నత విద్యా చట్టంలో టైటిల్ ఫోర్ కింద ఇచ్చే మామూలు ప్రభుత్వ సాయం వేరు, ఈ గ్రాంట్లు వేరు అని. టైటిల్ ఫోర్ సాయం ప్రధానంగా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ మాత్రమే. ఇది అది కాదన్నారంటే, తలుపు తెరిచే ఉందని కాలేజీలు అనుకున్నాయి. ఫారాలు తయారుచేసుకోవడం మొదలుపెట్టాయి.

పన్నెండు రోజులకి, ఏప్రిల్ 21న, అదే శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. టైటిల్ ఫోర్ అర్హత ఉన్నవాళ్ళకే గ్రాంటు అని. అంటే ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు బయట. చిన్నప్పుడే తల్లిదండ్రులతో వచ్చేసి కాగితాలు లేకుండా పెరిగిన పిల్లలూ బయట. (ఆ రోజు వార్తలన్నీ హార్వర్డ్ చుట్టూ తిరిగాయి. అంత ఆస్తి ఉన్న సంస్థకి దాదాపు 8.7 మిలియన్లు ఎందుకని ట్రంప్ గట్టిగా అడిగాడు, మర్నాడే హార్వర్డ్ ఆ డబ్బు వద్దంది. అసలు వార్త వెనక్కి పోయింది.)

ఇంతకీ ఎవరు విద్యార్థి అన్నది ఆ సెక్షన్లో ఎక్కడా నిర్వచించలేదు. నేను లా చదివినవాణ్ణి కాదు, కోడ్ రాసి బతికేవాణ్ణి. డిక్లేర్ చెయ్యని వేరియబుల్‌ని ఒక్కో ఫంక్షన్ ఒక్కో అర్థంలో వాడితే ఏమవుతుందో తెలుసు. ఇక్కడ అదే జరిగింది. ఏ కాలేజీకి ఎంత అన్నది తేల్చే సూత్రం చూడండి. 75 శాతం సొమ్ము, పెల్ గ్రాంటు తీసుకునే పేద విద్యార్థుల సంఖ్యని బట్టి. మిగతా 25 శాతం, పెల్ గ్రాంటు లేనివాళ్ళ సంఖ్యని బట్టి. రెండో గుంపులో వీసా అడ్డుగోడ లేదు. డాలస్‌లోనో కాన్సస్‌లోనో ఎమ్మెస్ చేస్తూ క్లాసుకి వెళ్తున్న మన కుర్రాడు అందులో ఒక తల. ఆ తలని లెక్కపెట్టుకునే కాలేజీకి డబ్బొచ్చింది. పంచేటప్పటికి మాత్రం ఆ తల విద్యార్థిది కాకుండా పోయింది.

అమెరికన్ల పన్నుల డబ్బు పరాయి దేశం వాళ్ళకి ఎందుకివ్వాలి అనే ప్రశ్నని నేను కొట్టిపారెయ్యను. పైగా ఐ-20 రావాలంటే ఏడాది ఖర్చుకి సరిపడా సొమ్ము ఉందని చూపించే వచ్చారు కదా అంటారు. చూపించారు, నిజమే. అది ఎలా చూపిస్తామో మనకి తెలుసు. బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్, నాన్న రిటైర్మెంట్ డబ్బు, మావయ్య ఎఫ్‌డీ, అన్నీ కలిపి ఓ కాగితం. ఆ కాగితం ప్రకారం అతను కలిగినవాడు. నిజానికి నెల గడవడం క్యాంపస్ ఉద్యోగం మీద. వీసా నిబంధనల ప్రకారం సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు, అదీ మామూలుగా క్యాంపస్‌లోనే. డైనింగ్ హాలు, లైబ్రరీ మూసేస్తే ఆ గంటలు లేవు. బయట పనికి అనుమతి లేదు. ఇంటికి పోదామంటే మార్చి చివరికే ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది, వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. 2019-20లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 1,93,124 మంది. తెలుగు ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు అందులో తక్కువేం కాదు.

ఈ గొడవ కోర్టుకెక్కించింది మాత్రం మనవాళ్ళు కాదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు మేలో దావా వేశాయి. వాషింగ్టన్ రాష్ట్రం వేరుగా వేసింది. జూన్ 12న వాషింగ్టన్ కేసులో జడ్జి థామస్ రైస్, జూన్ 17న కాలిఫోర్నియా కేసులో జడ్జి యివాన్ గొంజాలెజ్ రోజర్స్, టైటిల్ ఫోర్ షరతుని తాత్కాలికంగా ఆపేశారు. పార్లమెంటు పెట్టని షరతు శాఖ తనంతట తాను పెట్టకూడదన్నది స్థూలంగా వాళ్ళ మాట. విచిత్రమేమిటంటే రెండో ఉత్తర్వు వచ్చిన రోజే అదే షరతు నిబంధనగా ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయింది. ఆ ఉత్తర్వులేమో ఆ రాష్ట్రం, ఆ కాలేజీల గీత దాటలేదు. టెక్సస్‌లో ఉన్నవాడికి అవి వార్తలు, అంతే.

జూలై 6న ఇంకొకటి. క్లాసులన్నీ ఆన్‌లైన్ అయిపోతే ఎఫ్-1 విద్యార్థులు దేశం వదిలి వెళ్ళాలని ఇమిగ్రేషన్ వాళ్ళ ప్రకటన. హార్వర్డ్, ఎమ్ఐటీ కోర్టుకి వెళ్ళాయి, 14వ తేదీకల్లా వెనక్కి తీసుకున్నారు. ఎనిమిది రోజుల్లో తేలిపోయింది. గ్రాంటు సంగతి తేలడానికి ఏడాదికి పైగా పట్టింది. ఫీజులు పోతాయనుకున్నప్పుడు పెద్ద యూనివర్సిటీలకి వచ్చిన వేగం, అద్దె కట్టలేనివాడి విషయంలో రాలేదని నా అనుమానం. కొన్ని కాలేజీలు పూర్వ విద్యార్థుల దగ్గర చందాలు పోగుచేసి, ప్రభుత్వ సొమ్ముతో సంబంధం లేకుండా వీసా పిల్లలకి ఇచ్చాయి. దాన్ని తక్కువ చెయ్యను.

2020 డిసెంబరులో మరో 22.7 బిలియన్లు, 2021 మార్చిలో ఇంకో 39.6 బిలియన్లు వచ్చాయి. ప్రభుత్వం మారింది. మే 11న కొత్త కార్యదర్శి మిగెల్ కార్డోనా శాఖ తుది నిబంధన ప్రకటించింది. 2020 మార్చి 13న జాతీయ ఎమర్జెన్సీ ప్రకటించిన నాటి నుంచి కాలేజీలో పేరు నమోదై ఉన్నవాళ్ళెవరైనా విద్యార్థే, వీసాతో పనిలేదు అని. అయితే ఇది ఇవ్వొచ్చు అనడమే, ఇచ్చి తీరాలని కాదు. ఎవరికి ముందు అవసరమో మళ్ళీ కాలేజీ ఇష్టం.

ఎమ్మెస్ రెండేళ్ళు. 2018 ఆగస్టులో చేరినవాడు 2020 మేకి పట్టా పుచ్చుకుంటాడు. ఆ ఏప్రిల్లో అద్దెకి తడుముకున్నది అతనే. మార్చి 13న అతని పేరు రోల్స్‌లో ఉంది కాబట్టి, కొత్త నిర్వచనం ప్రకారం అతనూ విద్యార్థే. ఆ నిర్వచనం వచ్చేసరికి అతను కాలేజీ వదిలి ఏడాదయింది.