ఎల్లకు అవతలి పాట



1948 వరకు జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యమే. ఆ రాజ్యం చుట్టుముట్టిన మునగాల పరగణా మాత్రం మన నందిగామ తాలూకాలోనిది. అందుకే అవతలి గోడు మన పల్లెలకు పరాయిది కాలేదు.

అక్కడ దొరల వెట్టిచాకిరి, మతం పేరు చెప్పుకొన్న రజాకార్ల దాడులు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ బాణీలలో పాటలు కట్టి ఊరూరా పాడారు. చదువురాని వారికి ఆ పాటే అర్జీ, ఆ పాటే సాక్ష్యం.

రాజు ముస్లిం, దొరలలో ఎక్కువమంది హిందువులు. దీన్ని మతాల పోరుగా మార్చడం తేలిక. అయినా 1947 నాటి ‘మా భూమి’ నాటకానికి ఆధారమైంది షేక్ బందగీ కథ. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి 1940లో హతుడైన పేద రైతు ఆయన. ప్రజానాట్యమండలి వారు పల్లెపల్లెలో ఆడిన ఆ నాటకం దౌర్జన్యాన్నే వేలెత్తి చూపింది, ఎవరి ప్రార్థననూ కాదు.

ఆమోసు 5:23-24 చదవండి. న్యాయము పారని చోట మన పాట దేవునికి వట్టి చప్పుడే. మందిరంలో గొంతెత్తే మనము, కూలి దక్కనివాని పక్షాన మౌనంగా ఉండవచ్చునా? వాడు ఏ మతస్థుడని అడగకుండా అతని పక్కన నిలుచుందాము. ఆమేన్.