గాజుపీచు పడవ

ఫైబర్‌గ్లాస్‌ని తెలుగులో ఏమనాలి? గాజుపీచు అనొచ్చు. కొబ్బరిపీచు తెలిసినవాళ్ళకి ఈ మాట కొత్తగా అనిపించదు. మన తీరంలో కొబ్బరిపీచు తాళ్ళతో పలకలు కుట్టి పడవలు కట్టిన రోజులున్నాయి కాబట్టి, పడవల విషయంలో ఈ పేరు ఇంకా బాగా నప్పుతుంది. అయితే ఒక్క పీచుతో పడవ రాదు. దాన్ని పట్టి ఉంచే జిగురు కావాలి. ఆ జిగురే రెజిన్. ఇది ఆ రెండింటి పెళ్ళి కథ. ఆ పెళ్ళికి విడాకులు లేవు. ఆ సంగతి భారం చివరికి ఎవరి మీద పడిందన్నదే ఇక్కడ చెప్పదలుచుకున్నది.

ముందు పెళ్ళికూతురు గురించి. 1932లో అమెరికాలోని ఓవెన్స్-ఇలినాయ్ అనే గాజు కంపెనీలో గేమ్స్ స్లేటర్ దగ్గర డేల్ క్లైస్ట్ అనే యువకుడు పనిచేసేవాడు. గోడలు కట్టే గాజు ఇటుకలు రెండింటిని కరిగిన గాజుతో అతికించాలని అతని ప్రయత్నం. గాలి ధార వచ్చి కరిగిన గాజుకి తగిలింది. గాజు సన్నని పోగులుగా విడిపోయి ఎగిరింది. గాజుని దారంలా లాగడం అంతకుముందూ తెలిసిన విద్యే గాని, చవగ్గా, రాశులుగా చెయ్యడానికి దారి దొరికింది అప్పుడే. 1938లో ఓవెన్స్-ఇలినాయ్, కార్నింగ్ కంపెనీలు కలిసి ఓవెన్స్-కార్నింగ్ అనే కొత్త సంస్థని పెట్టాయి. ఒహాయో రాష్ట్రంలోని టొలీడో దాని ముఖ్యస్థానం. మొదట్లో ఈ పీచుని ఇళ్ళలో వేడి బయటికి పోకుండా గోడల మధ్య కూరడానికీ, విద్యుత్తు తీగలకి తొడుగులకీ వాడేవారు. పడవల ఆలోచన ఇంకా లేదు.

ఇక పెళ్ళికొడుకు. 1930లలో కార్లటన్ ఎల్లిస్ అనే రసాయన శాస్త్రవేత్త పాలియెస్టర్ రెజిన్ల మీద పనిచేశాడు. చిక్కటి పాలియెస్టర్‌కి స్టైరీన్ వంటి పలచటి ద్రవాన్ని కలిపితే, తగిన ప్రేరకం సాయంతో అది త్వరగా గట్టిపడుతుందని తేలింది. ఈ రెజిన్‌కి పొయ్యి అక్కర్లేదు, పెద్ద ప్రెస్సు అక్కర్లేదు. సరైన రసాయనం కొద్దిగా కలిపితే తనలో తానే వేడెక్కి గడ్డకడుతుంది. మామూలు షెడ్డులో మామూలు మనిషి పడవ చెయ్యగలిగాడంటే ఆ గుణం వల్లే.

రెండో ప్రపంచ యుద్ధం ఈ జంటని కలిపింది. విమానాల్లో రాడార్‌ని కప్పే డొప్పలు కావలసి వచ్చాయి. లోహం పెడితే రేడియో తరంగాలు దాటవు. గాజుపీచు, రెజిన్ కలిపిన డొప్ప వాటిని దాటనిచ్చింది, గాలి ఒత్తిడికీ నిలిచింది. ఇదే కాలంలో, ఆ టొలీడో ఊళ్ళోనే, రే గ్రీన్ అనే ఆయన 1942లో గాజుపీచుతో పాలియెస్టర్ రెజిన్ కలిపి చిన్న తెరచాప పడవ చేశాడు. ఈ రకం పడవల్లో మొదటిదిగా చరిత్రకారులు మామూలుగా దీన్నే చెబుతారు. యుద్ధం అయ్యాక అమెరికా నౌకాదళం కూడా చిన్న పడవలు ఈ పద్ధతిలో చేయించుకోవడం మొదలుపెట్టింది.

ఈ పడవ చేసే తీరు వడ్రంగానికి పూర్తిగా తలకిందులు. వడ్రంగి ముందు వెన్నుగాడి నిలబెట్టి, పక్కటెముకలు అమర్చి, ఆ పైన పలకలు బిగిస్తాడు. అంటే లోపలినుంచి బయటికి వస్తాడు. గాజుపీచు పడవ బయటినుంచి లోపలికి పుడుతుంది. ముందు అచ్చు. దానికి అంటుకోకుండా మైనం పట్టిస్తారు. దాని మీద జెల్‌కోట్ అనే రంగు పొర వేస్తారు. పడవ పూర్తయ్యాక మనకి కనిపించే మెరుపు అదే. ఆ తరవాత తరిగిన గాజుపీచుతో చేసిన చాప ఒకటి, మందపాటి గాజు నేత ఒకటి, మార్చి మార్చి పరుస్తూ రెజిన్‌తో తడుపుతారు. పొడి పీచు తెల్లగా ఉంటుంది. తడిసిన చోట పారదర్శకంగా మారుతుంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలిందంటే గాలి చిక్కిందన్నమాట. గాళ్ళున్న చిన్న రోలరు పెట్టి దాన్ని బయటికి నెట్టాలి. రెజిన్ తక్కువైతే పీచు పొడిగా ఉండిపోతుంది. ఎక్కువైతే పడవ బరువెక్కి, పెళుసవుతుంది. బలమంతా పీచుది. రెజిన్ పని దాన్ని పట్టుకోవడమే.

గట్టిపడ్డాక వెనక్కి వెళ్ళే దారి లేదు. ప్లాస్టిక్ బకెట్టుని కరిగించి మళ్ళీ పోత పోయొచ్చు. ఈ రెజిన్ కరగదు. ఉడికిన గుడ్డుని పచ్చిగుడ్డు చెయ్యగలమా? ఇదీ అంతే.

నేనుండే రోడ్ ఐలండ్‌కి ఈ కథలో పెద్ద పాత్ర ఉంది. 1950లలో క్లింటన్ పియర్సన్, ఎవరెట్ పియర్సన్ అనే దాయాదులు, ఇద్దరూ బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ళు, గాజుపీచుతో చిన్న పడవలు చెయ్యడం మొదలెట్టారు. మొదలైంది క్లింటన్ తండ్రిగారి గరాజ్‌లో. గరాజ్‌లో పుట్టిన కంపెనీలంటే మన కంప్యూటర్ వాళ్ళకి కాలిఫోర్నియాయే గుర్తొస్తుంది గాని, తూర్పు తీరంలోనూ ఆ ఆనవాయితీ ఉంది. 1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో వాళ్ళు ట్రైటన్ అనే 28 అడుగుల తెరచాప పడవని పెట్టారు. రూపశిల్పి కార్ల్ ఆల్బర్గ్. ధర పదివేల డాలర్లలోపే. నలుగురు పడుకునే చోటున్న పడవ మధ్యతరగతి కుటుంబానికి అందుబాటులోకి వచ్చింది. ఆర్డర్లు వెల్లువెత్తాయి. 1960ల చివరికి ఏడువందలకి పైగా ట్రైటన్లు తయారయ్యాయి. పనిచోటు చాలక పియర్సన్లు బ్రిస్టల్ ఊళ్ళోని పాత హెరెషాఫ్ పడవల యార్డుని కొన్నారు. ఒకప్పుడు అమెరికాస్ కప్ నెగ్గిన పడవలు కట్టిన చోటు అది. తరాల వడ్రంగం నడిచిన ఆ యార్డులోకి రెజిన్ పీపాలు వచ్చి చేరాయి.

అప్పట్లో అమ్మకందార్లు చెప్పిన మాట ఒకటే. ఇది కుళ్ళదు, చెదలు పట్టదు, పలకల మధ్య సందులు పూడ్చే పని లేదు, ఏటేటా పోషణ అక్కర్లేదు. ఇందులో చాలావరకు నిజమే. ఎంత మందం సరిపోతుందో అనుభవం లేని తొలి తయారీదార్లు భయంకొద్దీ మందంగా వేశారు. అందుకే ఆనాటి పడవలు అరవై ఏళ్ళు దాటినా ఇంకా తేలుతున్నాయి.

కాని నీరు ఓపిక గలది. రెజిన్ పొరలోంచి అణువు అణువుగా లోపలికి చేరుతుంది. లోపల కరిగే రసాయనాలేమైనా మిగిలి ఉంటే వాటితో కలిసి ఒత్తిడి పెంచి, అడుగున బొబ్బలు లేపుతుంది. ఈ జబ్బు ఎంత ముదిరిందంటే 1980లలో రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో థామస్ రాకెట్, విన్సెంట్ రోజ్ అనే ఆచార్యులు దాని కారణాల మీద పరిశోధన చేసి 1987లో నివేదిక ఇచ్చారు. డెక్కుల సంగతి మరొకటి. తేలిగ్గా ఉండాలని రెండు గాజుపీచు పొరల మధ్య బాల్సా చెక్క పెట్టారు. మర బిగించిన కన్నంలోంచి నీరు దిగితే గాజుపీచు చెక్కుచెదరదు, లోపలి చెక్క మాత్రం కుళ్ళి ముద్దవుతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. అడుగు వేస్తేనే మెత్తదనం తెలుస్తుంది.

కాబట్టి పోషణ అక్కర్లేదన్న మాటకి అసలు అర్థం, ఆ పోషణ మరో తరానికి వాయిదా పడిందని. ఆ తరం మాది. మా గరాజ్‌లో 1960ల నాటి పధ్నాలుగు అడుగుల తెరచాప పడవ ఉంది. నాలుగేళ్ళుగా వారాంతాల్లో దాని మీద పని చేస్తున్నాను. వృత్తిరీత్యా నాకు పాత కోడ్ తెలుసు. రాసినవాడు దొరకడు, తీసెయ్యడానికి లేదు, అర్థం చేసుకుని పైన అతకాలి. పాత పడవా అలాంటిదే.

అతుకులో మొదటి నియమం: గట్టిపడిన రెజిన్‌తో కొత్త రెజిన్ ఒకే ముద్దగా కలిసిపోదు. పైన పట్టుకుని ఉంటుందంతే. ఆ పట్టు దొరకాలంటే పాత ఒంటిని శుభ్రం చేసి, గరుకుగా అరగదీయాలి. పగులు చుట్టూ పళ్ళెంలా వాలు తియ్యాలి. గోడ మందానికి పన్నెండు రెట్ల వెడల్పు ఆ వాలుకి ఉండాలని పడవలవాళ్ళ లెక్క. అంటే పావు అంగుళం మందానికి ప్రతి వైపూ మూడు అంగుళాలు. చిన్న కన్నం పూడ్చడానికి ముందు దాన్ని పెద్ద గుంట చెయ్యాలన్నమాట. చూసేవాళ్ళకి ఇది విధ్వంసంలాగే ఉంటుంది. తరవాత ఒక్కొక్క ముక్కా కత్తిరించి, తడిపి, పొరలు పొరలుగా నింపాలి. పెద్ద ముక్క ముందా, చిన్న ముక్క ముందా అన్నది పడవలవాళ్ళలో తెగని వాదన. నేను పెద్దది ముందు వేస్తాను. అది పాత ఒంటిని వాలు పొడుగునా పట్టుకుంటుంది.

ఈ అతుకుకి ఇప్పుడు చాలామంది వాడేది పాలియెస్టర్ కాదు, ఎపాక్సీ. పాత ఒంటికి దాని పట్టు ఎక్కువ. మిషిగన్‌లోని బే సిటీలో గజియన్ సోదరులు చెక్క పడవలకోసం తయారు చేసుకున్న ఎపాక్సీనీ, దాని వాడకాన్నీ 1970ల నుంచి జనానికి అమ్ముతూ, నేర్పుతూ వచ్చారు. చెక్కని వదిలెయ్యని వాళ్ళ పనితనమే చెక్కని పక్కకి నెట్టిన గాజుపీచుకి వైద్యం కావడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ముచ్చట కాని సంగతీ ఉంది. నేను ముఖానికి రెస్పిరేటర్ పెట్టుకుని, తలుపులు తెరిచి, నెలకి నాలుగు రోజులు ఈ పని చేస్తాను. పడవల కర్మాగారాల్లో చేతులతో పొరలు పరిచినవాళ్ళు రోజూ స్టైరీన్ ఆవిరి పీల్చారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ స్టైరీన్‌ని క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్న వర్గంలో చేర్చింది. పడవ మీద కంపెనీ పేరుంటుంది, శిల్పి పేరుంటుంది. రోలరు పట్టిన చేతుల పేరు ఉండదు.

ఇదే పదార్థం మన తీరానికీ చేరింది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా బెస్తలు వాడిన తెప్ప దుంగల కట్ట. వేట నుంచి వచ్చాక తాళ్ళు విప్పి, దుంగల్ని ఇసుకలో ఆరబెట్టి, మర్నాడు మళ్ళీ కట్టేవారు. ఇంగ్లీషువాళ్ళు మసూలా అని రాసుకున్న పడవకి పక్కటెముకలే లేవు. కుట్టిన పలకలు కెరటానికి వంగేవి. కుట్లు విప్పి మళ్ళీ కుట్టేవారు. విప్పడం, కట్టడం వాటి పుట్టుకలోనే ఉంది. మంచి దుంగలు దొరకడం కష్టమై, మోటార్లు వచ్చాక, ఫైబర్ వచ్చింది. దాన్నీ మనవాళ్ళు ‘ఫైబర్ తెప్ప’ అన్నారు. దుంగ పోయింది, కట్టు పోయింది, పేరు మాత్రం మిగిలింది. 2004 సునామీ తరవాత తమిళనాడులో సాయంగా పంచిన ఫైబర్ పడవల్లో హడావిడిగా, నాసిగా చేసినవీ ఉన్నాయి. ఒడ్డుకి కొట్టుకుని పగిలినప్పుడు వాటిని విప్పలేరు, ఆరబెట్టలేరు. పొర వెయ్యడం తెలిసిన చెయ్యి ఉంటే అతుకుతారు. లేకపోతే ఇసుకలో అలా పడి ఉంటాయి.

అమెరికాలోనూ వదిలేసిన పడవలు కయ్యల్లో, పెరళ్ళలో అలాగే పడి ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 2019 నుంచి తయారీదార్లు కట్టే రుసుముతో పాత పడవల్ని విడగొట్టే ఏర్పాటు నడుస్తోంది. కొన్నిచోట్ల వాటిని పొడి చేసి సిమెంటు బట్టీల్లో వాడుతున్నారు. మంచిదే. కాని గాజునీ జిగురునీ మళ్ళీ వేరు చేసి మొదటి రూపానికి తెచ్చే తేలికైన, చవకైన దారి ఇంతవరకు లేదు.

విప్పలేని వస్తువు చేసినవాళ్ళు దానితోపాటు అతికే విద్యని కూడా అందించి తీరాలి. ఈ తొంభై ఏళ్ళ చరిత్ర నాకు చెప్పింది అదే. పడవ ధరలో ఆ విద్య ఖరీదుని ఎవరూ కలపలేదు. అందుకే ఉప్పాడ ఒడ్డున గానీ, బ్రిస్టల్ రేవులో గానీ పగిలిన పడవ పక్కన గాజుగుడ్డ కత్తిరిస్తూ ఎవరైనా కనిపిస్తే, కాసేపు నిలబడి చూడండి. కుదిరితే రోలరు అందుకోండి.