హైదరాబాద్ స్టేషన్ అంటే ఏది?

పిల్లలు హైదరాబాద్‌లో ఉండి, చూడ్డానికి ఊరి నుంచి రైలెక్కి వచ్చే అమ్మానాన్నలు ఎప్పుడో ఒకసారి తప్పు స్టేషన్‌లో దిగే ఉంటారు. పిల్లలు అది పెద్దవాళ్ల అమాయకత్వమని చెప్పుకుని నవ్వుతారు. నేను నవ్వను. ఎనభైల నుంచీ ఈ ఊళ్లో ఉంటూ మావాళ్లనీ, మా ఆవిడ వాళ్లనీ ఎక్కించీ దింపీ వెతికీ నాకు తేలిందేమిటంటే, ఆ తప్పు 1874 నాటిది.

ఆ ఏడాది అక్టోబరులో వాడి అనే జంక్షన్ నుంచి ఇక్కడికి మొదటి రైలు నడిచింది. వాడి దగ్గర బొంబాయి-మద్రాసు లైను తగులుతుంది. అక్కణ్ణించి నూరు మైళ్లు దాటిన దారి. డబ్బు నిజాంది, అవసరం ఇంగ్లీషువాళ్లది. వాళ్ల పటాలం మకాం హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన, 1806లో సికందర్ జా పేరు మీద వెలసిన సికింద్రాబాద్‌లో. సైనికులూ సరంజామా అక్కడికి చేరాలి కనక పెద్ద స్టేషన్ అక్కడే పడింది. చార్మినార్ చుట్టూ ఉన్న అసలు నగరం మాత్రం మూసీకి అవతల మైళ్ల దూరాన ఉండిపోయింది. ఊరొకచోట, ఊరి స్టేషన్ ఇంకోచోట అన్నమాట.

ఆ తర్వాత లైనును ముందుకు పొడిగించడానికి లండన్‌లో కంపెనీ పెట్టారు. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకి వడ్డీ కట్టే పూచీ నిజాం ఖజానాది. పేరులోనే ఆ పూచీ ఉంది: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఈ బేరం జనానికి చెప్పి చెయ్యండని అడిగినవాళ్లలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. సరోజినీ నాయుడి తండ్రి, ఇక్కడ చదువులు నిలబెట్టినాయన. చాందా రైల్వే గొడవగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో 1883లో ఆయన్ని ఊరు దాటించేశారు. రైలు బేరమేమిటో చెప్పమని అడిగినందుకు మనిషిని పంపించేసిన ఊరు ఇది. స్టేషన్ ఎక్కడుంటే జనానికి వీలో అడిగి ఉంటారని నేను ఏనాడూ అనుకోలేదు.

1886కి రైలు వరంగల్ చేరింది, 1889కి బెజవాడ. 1900లో గోదావరి మీద వంతెన కూడా పూర్తయ్యాక మా గోదావరి వైపు జనం ఇటు రావడానికి దారి పడింది. ఆ దారి ముందుగా తగిలేది సికింద్రాబాద్‌కే. నాంపల్లి స్టేషన్ భవనం 1907లో లేచింది. అది కొస స్టేషన్, పట్టాలు అక్కడితో సరి. బోర్డు మీద పేరు హైదరాబాద్ దక్కన్. బ్రిటిష్ వాళ్ల రైలు పటంలో సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉండేది మరి. మన హైదరాబాద్‌కీ సింధ్ హైదరాబాద్‌కీ తేడా తెలిసేలా జాగ్రత్తపడ్డారు గానీ, సికింద్రాబాద్‌కీ నాంపల్లికీ తేడా రాజమండ్రిలో ఎక్కినాయనకి ఎలా తెలుస్తుందో ఎవరూ ఆలోచించలేదు.

కాచిగూడ కథ వేరు. 1899-1901 మధ్య మన్మాడ్ నుంచి గోదావరి లోయ వెంట మీటర్ గేజి లైను వేశారు. పెద్ద లైనులో పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు, దీన్లో సరిగ్గా మీటరు. ఈ బండి ఆ పట్టాలెక్కదు, ఆ బండి ఈ పట్టాలెక్కదు. చిన్న లైను బళ్లకి 1916లో కాచిగూడ స్టేషన్ అమరింది. గుమ్మటాలూ మినార్లతో మూడింటిలోకీ అందమైనది అదే. పరదా పాటించే స్త్రీలు ఎవరి కంటా పడకుండా వచ్చిపోవడానికి వేరే ఏర్పాటు కూడా చేశారట అందులో. అంత ముందుచూపున్నవాళ్లు కూడా కాచిగూడలో దిగినాయన నాంపల్లి బండి ఎలా అందుకోవాలో చూడలేదు.

కాబట్టి మూడు స్టేషన్లు. ఒకటి పటాలానికి, ఒకటి నగరానికి, ఒకటి చిన్న పట్టాలకి. ఊళ్లోవాళ్లకి ఇవి మూడు పేటలు. బయటివాళ్లకి మాత్రం అంతా కలిపి హైదరాబాదే.

మా నాన్నగారు, అమ్మ మొదటిసారి వచ్చింది గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో. 1974లో మొదలైన బండి. విశాఖలో సాయంత్రం బయల్దేరి తెల్లవారేసరికి ఇక్కడికొస్తుంది. సామర్లకోటలో ఎక్కారు. ఉత్తరంలో నేను రాసింది ‘ఆఖరి స్టేషన్, హైదరాబాద్’ అని. సికింద్రాబాద్‌లో బండి ముప్పాతిక వంతు ఖాళీ అవుతుంది. “ఇదేనాండీ హైదరాబాదు?” అని నాన్నగారు అడిగితే, పై బెర్తు మీంచి దిగుతున్నాయన “ఆఁ, ఇదే, దిగిపోండి” అన్నాట్ట. ఆ పెద్దమనిషి అబద్ధం ఆడలేదు, ఆయన హైదరాబాద్ అదే. ఖాళీ పెట్టెలు పది కిలోమీటర్ల లోపే ఉన్న నాంపల్లికి నిదానంగా పాకుతూ వచ్చాయి. ప్లాట్‌ఫారం మీద నేను పెట్టె పెట్టెకీ తొంగి చూసుకుంటూ కొస దాకా నడిచాను.

సెల్‌ఫోన్లు లేని రోజులు. ఆటో కట్టించుకుని సికింద్రాబాద్ చేరేసరికి బాగా పొద్దెక్కింది. ఒకటో ప్లాట్‌ఫారం మీద అమ్మ హోల్డాల్ మీద కూచుని ఉంది, ఒళ్లో ఆవకాయ జాడీ. వాసెన కట్టిన గుడ్డ మీద నూనె పసుప్పచ్చగా ఊరుతోంది. కూలీ ఒకతను జాడీ తలకెత్తుకుంటానన్నా ఇవ్వలేదట. నాన్నగారు పక్కనే నిలబడి ఉన్నారు. కంగారేమీ లేదు. “పుష్కరాల్లో తప్పిపోతే ఏం చెయ్యాలిరా? ఉన్నచోటే ఉండాలి. వెతికేవాడే వస్తాడు” అన్నారు. 1979 పుష్కరాల్లో రాజమండ్రిలో పాటించిన సూత్రమే ఇక్కడా పాటించారు. ఆయన సూత్రం గట్టిదే. లోపం ఊరిది.

మా మామగారిది గద్వాల. ఆయన వచ్చేది చిన్న లైను మీద. నేను సికింద్రాబాద్‌లో దిగమని చెబితే ఆయన కాచిగూడలో దిగిపోయారు. కారణం అడిగితే “పాలమూరోళ్లంత ఈడనే దిగిన్రు గద అల్లుడూ” అన్నారు. ఆయనా జనం దిగినచోటే దిగారు. తొంభైల్లో ఆ లైను పెద్దదయ్యాక పట్టాల తేడా పోయింది, స్టేషన్ల తేడా మాత్రం అలాగే ఉంది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. వచ్చాకే సికింద్రాబాద్‌నీ నాంపల్లినీ లింగంపల్లినీ కలుపుతూ ఊళ్లో తిరిగే రైలంటూ ఒకటి ఏర్పడింది.

బస్సులో వస్తే బాగుండేదా అంటే అదీ అంతే. 1932లో నిజాం రైల్వేవాళ్లే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. గౌలిగూడలో విమానాల కోసం కట్టిన మిసిసిపి షెడ్డు బస్టాండైంది. ఆ రేకుల గుమ్మటం కింద అన్ని జిల్లాల బస్సులూ చేరేవి కాబట్టి, ఒక్క దానికే దారి తెలిస్తే సరిపోయేది. 1994లో పక్కనే ఇమ్లీబన్ బస్టాండ్ వచ్చింది, 2018 జులైలో షెడ్డు కూలిపోయింది. ఇప్పుడు బస్సు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ అంటూ చోటచోటా ఆగుతుంది. డ్రైవరు ‘హైదరాబాద్’ అని అరవగానే వెనక సీట్లో పెద్దవాళ్లు సంచులు సర్దుకోవడం మొదలెడతారు.

ఇక కొత్త సంగతి. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్ పాత స్టేషన్ ముఖద్వారాన్ని కొత్త కట్టడం కోసం పడగొట్టారు. కొన్ని బళ్లు ఇప్పుడు చర్లపల్లి నుంచే నడుస్తున్నాయి. కాజీపేట మీదుగా వస్తే అది సికింద్రాబాద్‌కి ముందే తగులుతుంది. అంటే మా కోస్తా జనానికి నాలుగో హైదరాబాద్ వచ్చిందన్నమాట. స్టేషన్ బాగుంది, ప్లాట్‌ఫారాలు పొడుగ్గా ఉన్నాయి. కానీ తెల్లవారుజామున అక్కడ దిగిన డెబ్బై ఏళ్లావిడకి అబ్బాయి ఉండే మియాపూర్ ఊరికి ఆ కొసన ఉంటుంది.

ఫోనుంది కదా అంటారు. ఉంది, కానీ సికింద్రాబాద్‌లోనే ఒకటో ప్లాట్‌ఫారం వైపు ఆల్ఫా హోటల్, పదో ప్లాట్‌ఫారం వైపు బోయిగూడ. “బయటికొచ్చానురా” అని అమ్మ చెబితే ఏ బయటో ఫోను చెప్పదు.

అందుకే టికెట్ తీసే కొడుకులకీ కూతుళ్లకీ నాదొక మనవి. ‘హైదరాబాద్ రండి’ అని చెప్పకండి. టికెట్ మీద ఉన్న కోడ్ చూడండి: నాంపల్లికి హెచ్.వై.బి., సికింద్రాబాద్‌కి ఎస్.సి., కాచిగూడకి కె.సి.జి., చర్లపల్లికి సి.హెచ్.జెడ్. స్టేషన్ పేరు తెలుగులో కాగితం మీద రాసి నాన్నగారి చొక్కా జేబులో పెట్టమనండి. దాని తర్వాత వచ్చే స్టేషన్ పేరూ, ముందు వచ్చే స్టేషన్ పేరూ కూడా రాయండి. మీరు మాత్రం బండి కంటే అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండండి.