సమోసా వచ్చిన త్రోవ



మా నందికొండలో తేనీటి అంగడి యెదుట నిలిచిన, మూడు మూలల సమోసాలు నూనెలో వేగుచుండుట కనబడును. "అది పరదేశపు తిండి, మన తాతలెరుగరు" అని కొందరు వృద్ధులు నాతో ననిరి. పరదేశపుదన్న మాట సత్యమే. అది యెవరి వెంట వచ్చినదో మాత్రము వినదగును.

దీని పేరు పారసీకము. పదునొకండవ శతాబ్దమున గజనీ సుల్తానుల చరిత్ర వ్రాసిన బైహకీ దీనిని పేర్కొన్నాడు. 1334 ప్రాంతమున ఢిల్లీ చేరిన మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో దానిని చూచెను. పలుచని రొట్టెలో కొట్టిన మాంసము, బాదము, అక్రోటు, పిస్తా, ఉల్లి, సుగంధద్రవ్యములు కూరి నేతిలో వేయింతురని వ్రాసినాడు. ఆ సుల్తానే యువరాజుగా నుండి 1323లో ఓరుగల్లును జయించి ప్రతాపరుద్రుని చెరగొన్నవాడు. మన నల్లగొండ సీమ అప్పటికి కాకతీయులదే. ఆ దండు వెంట వంటవారును వచ్చియుందురని నా యూహ. శాసనములు దానములను చెప్పును గాని వంటయింటి ముచ్చట చెప్పవు గదా!

హైదరాబాదులో దీనికి లుక్మీ యను తోబుట్టువు కలదు. నాలుగు మూలలది, లోపల ఖీమా, పెండ్లి విందులలో వడ్డింతురు. అరబ్బీలో లుక్మా యనగా కబళము. ఇరానీ హోటళ్లలో పలుచని పొరను మడిచి ఉల్లిపాయలు కూరిన సమోసా వేరు. కొరికిన పెళపెళ విరుగును.

ఇక ఆలుగడ్డ. అదియు, మిరపయు అమెరికా ఖండపు పంటలు; 1498లో పోర్చుగీసువారు కోళికోడు చేరిన పిమ్మటనే మన దేశమునకు వచ్చినవి. కాకతీయుల నాడు కారమునకు మిరియము, పిప్పలి, అల్లము. సమోసాను పరాయిదని త్రోసివేయు పెద్దలు పండుమిరప తొక్కును తాతలనాటిదని అన్నములో కలుపుకొనుచున్నారు! ఇది నాకు న్యాయముగా తోచదు.

పరాయి వస్తువు మా యూరికి క్రొత్తయు కాదు. ఇక్ష్వాకుల విజయపురి త్రవ్వకములలో రోమను బంగారు నాణెములు దొరికినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు ఆనకట్టకు పునాది వేసిన పిదప, నానాదేశముల కూలీలు, ఇంజనీర్లు ఇచ్చట కాపురముండిరి.

పనితనమునకు వచ్చిన, పిండిలో ముందు కాగిన నూనె పోసి రుద్ది, పిదప కొలదిగా నీరు చిలికి గట్టిగా కలుపుదురు. అందువలననే పై పొర గుల్లబారును. పండుగనాడు మన యాడువారు గరిజెలకు పిండి తడుపునదియు నిట్లే.