ఆదిశిలల చిత్రములు

కొండరాతిపై పొడవైన గుంట కనబడినచో అది భీమసేనుని యడుగని చెప్పుట మన పల్లెలందు పరిపాటి. ఆకారమును చూచినంతనే కర్తను ఊహించుట మనుష్యస్వభావము. ఇది పామరులకే గాక పండితులకును గలదనుటకు ఆదిశిలల చిత్రముల చరిత్రమే సాక్షి.

రాటర్‌డాం నగరమున 1951లో జన్మించిన ఫ్రాన్స్ లాంటింగ్ అను ఛాయాచిత్రకారుడు, భూమిపై జీవము పరిణమించిన కథను చిత్రములతో చెప్పదలచి పెక్కు దేశములు తిరిగి, 2006లో ‘లైఫ్: ఎ జర్నీ త్రూ టైమ్’ అను గ్రంథమును వెలువరించెను. అందుకై ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరమున స్ట్రోమటోలైటులను చిత్రించెను. లోతులేని యుప్పునీట గుండ్రని రాతిదిబ్బలు నిలిచియుండు ఆ దృశ్యమును చూడగా, మనుష్యుడు పుట్టని నాటి భూమి యిట్లుండెనా యనిపించును.

ఆ దిబ్బలు ప్రాణుల కట్టడములు. సయనోబాక్టీరియా మొదలగు సూక్ష్మజీవులు జిగురుపొరలుగా పెరిగి, ఇసుకరేణువులను పట్టుకొని, సున్నమును పేర్చుచు, ఏటికి అరమిల్లీమీటరు మాత్రముగా వీనిని పెంచినవి. 1908లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నెస్టు కల్కోవ్‌స్కీ ఇట్టి ప్రాచీనశిలలకు పేరిడి, ఇవి జీవనిర్మితములనెను. ‘స్ట్రోమా’ యను గ్రీకుపదము మన ‘స్తృ’ ధాతువునకు చుట్టము, పరచినదని భావము. సజీవమైన నిదర్శనము లేనందున పలువురు సందేహించిరి. 1950 తరువాతి దశకమున షార్క్ బేలో కనుగొనబడినవి ఆ సందేహమును చాలవరకు తీర్చినవి. పిమ్మట ఆ దేశముననే, పిల్బరా ప్రాంతమున, 348 కోట్ల సంవత్సరముల నాటి శిలలలో వీని జాడలు కానవచ్చినవి.

2016లో గ్రీన్‌లాండునందలి ఇసువా శిలలలో, 370 కోట్ల సంవత్సరముల నాటి స్ట్రోమటోలైటులివియని, నాలుగు సెంటీమీటర్లకు మించని శిఖరాకృతుల చిత్రములు ప్రకటింపబడెను. 2018లో అబిగెయిల్ ఆల్‌వుడ్ అను విదుషియు ఆమె సహచరులును ఆ రాతిని వేరొక ప్రక్కనుండియు పరీక్షించిరి. ముందు శిఖరములుగా తోచినవి ప్రక్కనుండి చూడ పొడవైన గట్లు! భూగర్భపు టొత్తిడిచే శిల ముడుతపడుటయే కారణమని వారి నిర్ణయము. పూర్వపరిశోధకులు తమ మతమును విడువలేదు.

చిత్రము అబద్ధమాడలేదు; చూపని ప్రక్కను గూర్చి మౌనముగా నుండెను. ఆశ్చర్యమును పుట్టించుట చిత్రకారుని ధర్మము. ఆశ్చర్యముతోనే తృప్తి పడకుండుట చూచువాని ధర్మము. కడప మండలమున వేంపల్లె డోలమైటు శిలలలోను స్ట్రోమటోలైటులు గలవు. వానిని చిత్రింపబోవు మన యువకులు ఒక్కచోటనే నిలువక, రాతిచుట్టును ఒక్కసారి తిరిగి చూతురుగాక.